వాగు దాటిన ఓట్లు

ప్రియమైన వెర్నా అక్కకు,

నాన్న అంత్యక్రియలనాటి ఒప్పందం ప్రకారం మనం రాజకీయాలు నోటితో మాట్లాడరాదు గనుక, ఈ విషయాన్ని టపా ద్వారా విన్నవిస్తున్నాను. కౌంటీ కమిషనర్ పదవికి మీ రిపబ్లికన్ పార్టీలోనే నీ మీద డారిల్ ప్రూట్ పోటీకి దిగాడు. గెలిస్తే మా వాగు మీది వంతెన మూయిస్తాడట. నీ మరదలు జాయిస్ గుండె సంగతి నీకు తెలుసు. మా ఇంటికి అంబులెన్సు రావడానికి అదొక్కటే దారి. కావున, ఈ ప్రాంతపు డెమొక్రాటిక్ పార్టీ ప్రతినిధినైన నేను, పార్టీల అభ్యర్థులను ఎంచుకునే మంగళవారంనాటి ప్రాథమిక ఎన్నికలో రిపబ్లికన్ బ్యాలెట్ అడిగి నీకు ఓటు వేయ నిశ్చయించాను. మావాళ్లనూ వెంట తెస్తాను.

నీ విధేయ ప్రత్యర్థి,
ఓర్లన్

ప్రియమైన తమ్ముడికి,

ఆ పని చేయకు. ఆ రోజే మీ పార్టీ బ్యాలెట్‌లో నీ ప్రతినిధి పదవికీ ఎన్నిక ఉంది. కొత్తగా వచ్చిన ఆ గడ్డం లెక్చరర్ పోటీలో ఉన్నాడు. మీవాళ్లంతా ఇటు వస్తే నీకు ఓటేసేదెవరు? ఆ పదవి తప్ప నీకు వేరే సరదా లేదు. నా సంగతి నేను చూసుకుంటాను.

ప్రేమతో,
అక్క

ప్రియమైన అక్కకు,

కార్యం పూర్తయినది. పొద్దున్నే పోలింగ్ జరిగే చర్చి నేలమాళిగకు వెళ్లాను. ఏ ఒక్క పార్టీ బ్యాలెట్ కావాలో పైకి చెప్పాలన్నది నియమం. నేను నోరు తెరవకముందే బ్యాలెట్లు ఇచ్చే ఐలీన్ అలవాటుగా డెమొక్రాటిక్‌ది అందించింది. రిపబ్లికన్‌ది ఇమ్మన్నాను. ఆమె లేచి, నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

"ఎడం చెయ్యి లేస్తోందా ఓర్లన్? ఏదీ, ఒకసారి నవ్వు. మూతి వంకరపోయిందేమో చూస్తాను."

నవ్వి చూపించాను. బ్యాలెట్ ఇచ్చింది. నా వెనుక మావాళ్లు ముందుగానే నవ్వుతూ వరుసలో నిలబడ్డారు.

నా పదవి పోయినట్టే. విచారం లేదు. కొద్దిగా ఉంది.

సదా నీ,
ఓర్లన్

గౌరవనీయులైన డెమొక్రాటిక్ ప్రతినిధి గారికి,

అవును, గెలిచావు. నీ పదవి పోతుందన్న బెంగతో మధ్యాహ్నం మా చర్చి కుట్టుపని సంఘం ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకెళ్లి డెమొక్రాటిక్ బ్యాలెట్లు తీసుకున్నాను. అప్పటికి ఐలీన్ ఎవరినీ నవ్వమనడం మానేసింది.

నేను కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాను. మా కుట్టుపని సంఘం ఆ తేడా కంటే పెద్దది.

ఏడవడం అయిపోయింది గనుక, ఇక పని. నవంబరులో జరిగే అసలు ఎన్నికలో ప్రూట్ మీద నిలబడేందుకు మీ పార్టీలో ఎవరూ లేరు. ఆ ఖాళీని నింపే అధికారం మీ ప్రతినిధులదేనట, విచారించాను. నీ పేరు పెట్టించు. జాయిస్‌తో మాట్లాడాను, నోటితోనే; ఒప్పందం నీతో గానీ ఆమెతో కాదు. ఆమె సరేనంది.

మా పార్టీవాళ్లు ఏమంటారో అననీ. శనివారం సుత్తి తీసుకుని రా. నీ పేరున్న మొదటి ప్రచార బోర్డు మా ఇంటి ముందే పాతుదాం.

నీ ఓటరు,
వెర్నా