సాక్ష్యానికి రెండు నిమిషాలు

జనవరి 14

కోర్టు ఆర్డర్ చేతికొచ్చింది. నా మాజీ మొగుడు డ్వేన్ రెండేళ్లపాటు నాకు ఐదు వందల అడుగుల లోపలికి రాకూడదు. పదకొండేళ్ల కాపురం, విడాకుల తర్వాత ఏడు నెలల బెదిరింపులు, అన్నీ కలిపి రెండు పేజీల్లో పట్టాయి. జడ్జి మంచాయన. కాగితం ఎప్పుడూ దగ్గర ఉంచుకోమన్నాడు. కాపీ ఒకటి కారులో, ఒకటి పర్సులో పెట్టుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా కౌంటీ ఆఫీసుకి వెళ్లి పిస్టల్ పర్మిట్‌కి అప్లై చేశాను. తొంభై రోజులు పడుతుందట. కిందటేడు దాకా వారమే. ఇప్పుడు రాష్ట్ర రాజధానిలో కొత్త చట్టం చేశారు. కోపంలో ఉన్నవాడు చల్లబడడానికి ఆ గడువట. నేను కోపంలో లేను, భయంలో ఉన్నాను. అది రాయడానికి ఫారంలో గడి లేదు.

జనవరి 15

ఏప్రిల్ 14. క్యాలెండర్‌లో గీత పెట్టాను. చాలా పేజీలు తిప్పాల్సి వచ్చింది.

జనవరి 29

రాయాలని లేదు. అయినా రాయాలి.

నా పని పాల టెస్టింగ్. రోజుకో డెయిరీకి వెళ్లి, ఒక్కో ఆవు పాలు సీసాలో పట్టి, ల్యాబ్‌కి పంపాలి. ఏ రోజు ఎక్కడ ఉంటానో డ్వేన్‌కి నాకంటే బాగా తెలుసు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి రైతు దాణా కోసం టౌనుకి వెళ్లాడు. పది నిమిషాల్లో డ్వేన్ పికప్ ట్రక్కు గేటుకి అడ్డంగా ఆగింది. నేను పాల ట్యాంకు గదిలోకి దూరి, సీసాల పెట్టెలన్నీ తలుపుకి అడ్డం పెట్టి, కౌంటీ పోలీసులకి పెద్ద అయిన షెరీఫ్‌కి ఫోన్ చేశాను. వాడు కొట్టం చుట్టూ తిరుగుతూ తాళంచెవులతో ఒక్కో కిటికీ కొట్టుకుంటూ వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. అదే భరించలేకపోయాను.

నలభై ఏడు నిమిషాలు. షెరీఫ్ ఓస్బీ వచ్చేసరికి మంచులో అడుగుల గుర్తులే మిగిలాయి. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఉన్నది ఇద్దరు డెప్యూటీలు, వెర్లా. తొమ్మిది వందల చదరపు మైళ్లు. నీతో అబద్ధం చెప్పను. ఈసారి పిలిచినా ఇంతే టైం పడుతుంది."

రేపు అరెస్టు చేస్తారట.

ఫిబ్రవరి 1

చేశారు. బెయిల్ మీద వదిలేశారు కూడా.

ఫిబ్రవరి 2

ఆల్మా వచ్చింది. డెబ్బై ఒకటేళ్ల మనిషి. ఒకప్పుడు స్కూల్లో వంట చేసేది, ఇప్పుడు గన్ క్లబ్బులో ఆడవాళ్లకి తుపాకీ కాల్చడం నేర్పుతోంది. తన పిస్టల్ తీసి నా వంటింటి బల్లమీద పెట్టి, పర్మిట్ వచ్చేదాకా ఉంచుకోమంది. తీసుకోలేనన్నాను. ఆ కొత్త చట్టం ప్రకారం అలా ఇవ్వడం నేరం. దొరికితే నా పర్మిట్ అక్కడితో సరి, ఆవిడ మీద కేసు. ఆల్మా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీకు ఇస్తే నేను నేరస్థురాలిని, ఇవ్వకపోతే నువ్వు శవం. చదువుకున్నవాళ్లు కదా, భలే రాశారు."

మళ్లీ అంది, తుపాకీ ఇవ్వకూడదన్నారు గానీ తుపాకీ ఉన్న మనిషి రాకూడదని ఎక్కడా రాయలేదు గదా అని. సాయంత్రానికల్లా సూట్‌కేసు, ఊలు బుట్ట, వేడినీళ్ల సంచీతో మా ఇంట్లో దిగింది.

ఫిబ్రవరి 9

వారంలో ఆరు డెయిరీలు. నేను పాలు పడుతుంటే ఆల్మా కొట్టం గుమ్మంలో కుర్చీ వేసుకుని స్వెటర్ అల్లుతుంది. నడుముకి పిస్టల్. ఆవులు అలవాటు పడిపోయాయి. రైతులు కాఫీ ఇస్తున్నారు. డెబ్బై ఒకటేళ్ల మనిషి చలిలో నాకు కాపలా కాస్తుంటే నాకు సిగ్గుగా ఉంది. అదే అన్నాను. సిగ్గుపడాల్సింది నువ్వు కాదంది.

సెనేట్‌లో ఒక బిల్లు ఉందట. కోర్టు రక్షణ ఆర్డర్ ఉన్నవాళ్లకి నేరాల రికార్డు తనిఖీ అవగానే అదే రోజు పర్మిట్ ఇవ్వాలని. ఇరవయ్యో తారీఖున కమిటీ విచారణ. సాక్షుల పట్టికలో ఆల్మా నా పేరు రాయించేసింది. నన్ను అడగలేదు.

ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 1.30

రాజధాని. మూడున్నర గంటల ప్రయాణం. సభ గుమ్మం దగ్గర నలుగురు గార్డులు, నలుగురి నడుముకీ తుపాకులు. ఆల్మా వాళ్లని లెక్కపెట్టి నా వైపు చూసింది.

తుపాకీ హక్కుల సంఘం మనిషి ఒకాయన నాకు టైపు చేసిన ఉపన్యాసం ఇచ్చాడు. మంచి ఇంగ్లీషు. అందులో నేను ఎక్కడా లేను. మడిచి తిరిగి ఇచ్చేశాను.

అదే రోజు, సాయంత్రం 4.15

ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ట్యాంకు గది, పెట్టెలు, తాళంచెవుల చప్పుడు, నలభై ఏడు నిమిషాలు చెప్పాను. అంతకంటే ఏమీ చెప్పలేదు.

కిందటేటి చట్టం రాసింది సెనేటర్ లిండెమాన్. ఆవిడ అక్క కొడుకు పిస్టల్ కొన్న సాయంత్రమే కాల్చుకుని చనిపోయాడని అందరికీ తెలుసు. నేను ఆవిడని ద్వేషించాలని వెళ్లాను. ముఖం చూశాక చేతకాలేదు. ఇంట్లో తుపాకీ ఉంటే ఆడవాళ్లకే ఎక్కువ ప్రమాదమని లెక్కలు చదివింది. తర్వాత నన్ను నెమ్మదిగా అడిగింది: ఆ రోజు మీ చేతిలో పిస్టల్ ఉంటే కాల్చి ఉండేవారా?

మైకు దగ్గరికి జరుపుకున్నాను.

"నాకు తెలీదు మేడమ్. అది నేను తేల్చుకోవాల్సిన సంగతి. ఆ రోజు తేల్చుకోడానికి నాకేం మిగల్లేదు. నా బదులు మీరు ఇక్కడ కూర్చుని తేల్చేశారు. తలుపు అవతల నిలబడ్డది మాత్రం మీరు కాదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకూడదట.

ఓటింగు. నలుగురు వద్దన్నారు, ఐదుగురు సరేనన్నారు. ఆల్మా నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఉంగరం అచ్చు పడింది.

లిండెమాన్ వద్దనే ఓటు వేసింది. వరండాలో ఆగి, మా అక్క కొడుకు విషయంలో నేను పొరపాటు పడలేదు, మీ విషయంలో మీరూ పడలేదు అంది. మరి ఇద్దరికీ ఒకటే గడువెందుకని అడిగాను. నా చెయ్యి ఒకసారి నొక్కి, తన దారిన వెళ్లిపోయింది.

మార్చి 19

సెనేట్‌లో గెలిచాం. ఇరవై ఎనిమిది, ఇరవై. లిండెమాన్ అడ్డు సవరణలేవీ పెట్టలేదని రేడియోలో చెప్పారు.

ఏప్రిల్ 9

కింది సభ కూడా. పాల లారీ డ్రైవర్ నన్ను చూసి రోడ్డు పొడుగునా హారన్ కొట్టుకుంటూ పోయాడు.

ఏప్రిల్ 11

పొద్దున గవర్నర్ సంతకం, వెంటనే చట్టం అమలు. మధ్యాహ్నం రెండింటికల్లా నా పర్మిట్ చేతికొచ్చింది.

నా తొంభై రోజులకి ఇంకా మూడు రోజులే ఉన్నాయని కౌంటర్లో ఎవరో నవ్వారు. ఆగి ఉంటే వచ్చేది కదా, ఇంత గోల ఎందుకన్నారు. ఆల్మా ఆయన వైపు తిరగబోయింది. నేనే ఆపాను. ఇవాళ నాకు కోపం రావడం లేదు. కారులో కూర్చుని బిగ్గరగా పాడుకుంటూ వచ్చాం. ఆల్మా గొంతు భయంకరంగా ఉంటుంది.

ఏప్రిల్ 17

మధ్యాహ్నం 3.20. ఆల్మా తన ఇంటికి వెళ్లిపోయింది, డెయిరీలో ఒక్కదాన్నే ఉన్నాను. డ్వేన్ పికప్ గేటు దగ్గర ఆగింది.

ఈసారి గదిలోకి దూరలేదు. షెరీఫ్‌కి ఫోన్ చేసి, కొట్టం తలుపు పూర్తిగా తీసి, గుమ్మంలో నిలబడ్డాను. కోటు గుండీలు విప్పాను. పర్మిట్ రాగానే కొన్న పిస్టల్ నడుముకి కనబడుతోంది. చెయ్యి దానిమీద పెట్టలేదు. డ్వేన్ దిగాడు. నాలుగడుగులు వేశాడు. చూశాడు. ఆ ముఖం నాకు పదకొండేళ్లుగా తెలుసు. లెక్క వేసుకుంటున్న ముఖం. ఇంతకుముందు ఆ లెక్కలో నేను ఉండేదాన్ని కాదు.

తిరిగి ఎక్కాడు. వెనక్కి పోయాడు.

హైవే మీద ఓస్బీ పట్టుకున్నాడు. బెయిల్ రద్దు.

పిస్టల్ తియ్యలేదు. తియ్యాల్సిన పని పడలేదు. లోపలికెళ్లి మిగిలిన ముప్పై ఒక్క ఆవుల పాలూ పట్టాను.

ఏప్రిల్ 30

ఎవరో ఆడమనిషి ఫోన్ చేసింది. ఉత్తరాన ఏదో కౌంటీ నుంచి. ఆవిడకి పొద్దున కోర్టు ఆర్డర్, భోజనం వేళకల్లా పర్మిట్ వచ్చాయట. పేరు చెప్పలేదు. నేను అడగలేదు. ఆవిడే ముందు నవ్వడం మొదలుపెట్టింది.