నువ్వు ఇచ్చేసిన కిటికీలు

నెల్లూరు, 11-8-2025

రూఫస్‌కు నానమ్మ దీవెనలు. ఫోనులో చెబితే "సరే నానమ్మా" అని పెట్టేస్తావు కనుక కార్డు రాస్తున్నాను.

నీకు ఇస్తానన్న ఫ్లాటును పాత రూపం చెడకుండా బాగుచేయించమన్నది నువ్వే. నిన్న ఆరాధన ముగిశాక వెళ్లి చూస్తే, ముందుగదిలోని రంగు అద్దాల టేకు కిటికీలు నాలుగూ లేవు. మేస్త్రీ హజరత్తయ్యను నిలదీశాను.

"తీసిన పాత సామాను మేస్త్రీకే కదా పెద్దమ్మా, ఎక్కడైనా అంతే. అబ్బాయి కూడా ఫోనులో తీసుకోమన్నాడు. అల్యూమినియంవి పెడితే దోమ కూడా దూరదు."

"నలభై ఏళ్లుగా ఆ దోమలతో నేను వేగినాను. నువ్వు దిగులుపడబాక," అన్నాను.

కిటికీలు పాత కలప కొట్లో ఉన్నాయి. స్వయంగా వెళ్లి చూశాను, ఒక్క అద్దమూ పగల్లేదు. 23వ తేదీ శనివారం దాకా అమ్మనని కొట్టాయన మాటిచ్చాడు. హజరత్తయ్య మాత్రం, "ఇచ్చినాయన నోటితో అడిగితే తెచ్చిస్తా. నేనేమన్నా దొంగతనం చేసినానా?" అంటున్నాడు. అతని మాటలో తప్పు లేదు, నా ఒళ్లు మండేది అందుకే.

నీ దగ్గు తగ్గిందా? ప్లాంటులో ఎండకు మజ్జిగ తాగుతున్నావా? రెజీనా అత్త పచ్చడి జాడీ ఇంకా నీ దగ్గరే ఉంది, తీసుకురా.

ఇక జరగవలసినవి:

1. కార్డు అందిన రోజే హజరత్తయ్యకు ఫోను చేసి, తొందరపడ్డానని ఒప్పుకుని కిటికీలు అడుగు.
2. శనివారం షిఫ్టు మార్చుకుని రా. అవి నీ కళ్లెదుటే బిగించాలి.
3. రాకపోతే నేనే కొని తెచ్చి బిగిస్తాను. అప్పుడు కిటికీలతోపాటు ఫ్లాటూ నాదే.