నలభై ఏడో నంబరు ధమని

మార్చి 3, సోమవారం

ఈ రోజు నోరు విప్పింది మూడుసార్లు. వాచ్‌మన్‌తో తాళాలన్నాను. క్యాంటీన్‌లో టీ అన్నాను. లిఫ్ట్‌లో ఎవరికో సారీ. రక్తనాళాలు ఎందుకు గట్టిపడతాయో పదకొండేళ్లుగా చూస్తున్నాను. వాడకపోతే గొంతు కూడా గట్టిపడుతుందేమో, దాన్నెవరూ కోసి చూడలేదు.

మార్చి 6, గురువారం, ఉదయం 11

ల్యాబ్‌కి ఒకాయన వచ్చాడు. రిటైరైన బస్సు డ్రైవరట. చంకల్లో రెండు కర్రలు. కుడి ప్యాంటు మోకాలి దగ్గర మడిచి పిన్ను పెట్టుకున్నాడు. సుగర్ ముదిరి డిసెంబరులో కాలు తీసేశారట. ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టిన కాగితం జేబులోంచి తీశాడు. ధమని ముక్కను పరిశోధనకి ఇస్తున్నానని అందులో ఉంది. కింద మా ల్యాబ్ పేరు, నంబరు 47.

నాది నాకోసారి చూపిస్తారా అమ్మా అని అడిగాడు.

రూల్స్ ఒప్పుకోవు. అయినా రేపు రమ్మన్నాను.

మార్చి 7, శుక్రవారం

మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టాను. నాళం గోడంతా ఎర్రటి చారలు. రక్తమా అన్నాడు. కాదు, కాల్షియం, మేం వేసిన రంగుకి అలా కనిపిస్తుందన్నాను. ఇక ఆగలేకపోయాను. ఆ గోడలో కండర కణాలుంటాయి. బిగుసుకోవడం, వదులవడం వాటి పని. సుగర్ ఏళ్ల తరబడి పెరిగే ఉంటే, ఎముకలో పనిచేయాల్సిన జీన్ ఒకటి వాటిలో మేలుకుంటుంది. కండరం ప్రోటీన్లు తగ్గించేసి ఎముక ప్రోటీన్లు తయారుచేయడం మొదలుపెడతాయి. మెత్తటి గొట్టం కాస్తా రాయిలా బిగుసుకుపోతుంది. కాన్ఫరెన్స్‌లో ఇదే చెబితే అందరూ ఫోన్లు చూసుకుంటారు. ఈయన ముప్పావుగంట కదల్లేదు.

"అయితే అది చచ్చిపోలేదన్నమాట?"

లేదన్నాను. ఆ కణాలు పని మార్చుకున్నాయంతే.

"సిగరెట్లు తాగి నేనే చంపుకున్నాననుకుంటున్నానమ్మా ఇన్నాళ్లూ."

సిగరెట్ల పాత్ర కూడా ఉందని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నేను లెన్స్ తుడిచాను.

మార్చి 10, సోమవారం

రాలేదు. రావాల్సిన పనేమీ లేదు. రెండో కుర్చీ మాత్రం తీయలేదు.

మార్చి 11, మంగళవారం, ఉదయం

బిస్కెట్ ప్యాకెట్ పట్టుకుని వచ్చాడు. చెప్పు విప్పుతుంటే చూశాను. ఎడమ కాలి చిటికెన వేలు నల్లగా ఉంది. ఎప్పటి నుంచంటే శుక్రవారం నుంచట. నొప్పి లేదట. మరి ఆసుపత్రికెందుకు వెళ్లలేదన్నాను.

"అన్ని నాళాలూ అట్లాగే అయ్యుంటాయి కదమ్మా. మీరే చూపించారుగా."

ఇన్నేళ్లలో నా మాట చివరిదాకా విన్నది ఈయనొక్కడే. విని తేల్చుకున్నది ఇదీ.

నేను చూసింది ఆ కాల్లో రెండంగుళాల ముక్క, దాన్నిబట్టి ఈ కాలి సంగతి నాకూ తెలీదు, మీకూ తెలీదు, లేవండన్నాను. తోడు రావడానికి ఎవరూ లేరని నసిగాడు. తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించి టాక్సీ పిలిచాను.

సాయంత్రం 5

రక్తనాళాల డాక్టరు స్కాన్ చూశాడు. మోకాలి కింద రెండు నాళాలు మూసుకుపోయాయట. మూడోది సన్నగా తెరిచి ఉంది, బెలూన్ పెట్టి వెడల్పు చేయొచ్చట. ఇంకో వారం ఆగుంటే ఈ కాలూ దక్కేది కాదేమోనన్నాడు.

ఫారం నా చేతికిచ్చారు. రోగికి ఏమవుతారు అని ఒక గడి. పెన్ను పట్టుకుని ఎంతసేపున్నానో. చెల్లెలు అని రాశాను. ఆయన పక్కనుంచి చదివాడు. కర్రలు కొంచెం జరిపి నాకు బెంచీ మీద చోటిచ్చాడు.

మార్చి 12, బుధవారం, మధ్యాహ్నం 1.20

నర్సు ఫోన్ చేసింది. బెలూన్‌తో నాళం తెరిచి, వేలు తీసేశారట. పాదం వెచ్చగా ఉంది. మీ అన్నయ్య లేచారు, మా చెల్లి ఏదని అడుగుతున్నారంది.

వస్తున్నానని చెప్పమన్నాను.