పెరట్లో కారవాన్

హార్‌గ్రీవ్ మేడమ్ గారికి,

ఇంట్లో పసిపిల్లల్ని చూసుకునే లైసెన్సు కోసం నేను పెట్టుకున్న దరఖాస్తు మీద మంగళవారం మీరు మా ఇల్లు చూడటానికి వచ్చారు. మెట్ల దగ్గర గేటు, మందుల బీరువాకు తాళం, నా ప్రథమ చికిత్స సర్టిఫికెట్, అన్నీ బాగున్నాయన్నారు. ఇంట్లో పదహారేళ్లు దాటినవాళ్లు ఎవరెవరున్నారని అడిగితే, నేనూ మా ఆయనా అంతే అన్నాను.

అబద్ధం కాదనుకున్నాను. మా నాన్న పడుకునేది పెరట్లో నిలిపి ఉంచిన కారవాన్‌లో, ఆ చక్రాల ఇంట్లో. ఆ పొద్దున ఆయన్ని పావురాల పందేల క్లబ్బుకు పంపించేశాను. మీరు వెళ్లాక తిరిగొచ్చి, టీ కలుపుకుంటూ, "ఏమ్మా, నన్ను దాచేశావా?" అన్నారు.

"లేదు నాన్నా, నువ్వు లెక్కలోకి రావనుకున్నా," అన్నాను. ఆ మాట అన్న దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నిబంధనలు మళ్లీ చదివాను. పెరడు కూడా ఇంటి కిందే లెక్కట. ఆయనకూ పోలీసు తనిఖీ ఉండాలట. ఇరవై రెండేళ్లప్పుడు పబ్బు బయట కొట్లాటలో ఒకడి దవడ విరగ్గొట్టి నాలుగు నెలలు జైల్లో ఉన్నారు. ఇప్పుడాయనకు డెబ్బై ఒకటి. మంగళవారం మీరు అడిగినప్పుడు నాకు భయమేసింది, అందుకే చెప్పలేదు.

నిన్న ఆ పోలీసు తనిఖీ ఫారం ఆయనే నింపారు. జైలు సంగతి తడబడకుండా రాశారు. చిరునామా దగ్గర మాత్రం పెన్ను ఆపి, "మీ ఇంటి నంబరు రాయొచ్చా?" అని అడిగారు.

రాయమన్నాను. ఫారం జతచేస్తున్నాను. లైసెన్సు సంగతి మీ ఇష్టం మేడమ్. మా ఇంట్లో ఉండేది ముగ్గురం.