చెయ్యి పైకెత్తిన పొద్దు

అక్కా,

నిన్ను తీసుకుపోయిన జబ్బే నాకూ వచ్చింది. అమ్మకింకా చెప్పలేదు. పట్నంలో రొమ్ము తీసేసి, గడ్డ మళ్లీ రాకుండా కరెంటు పెట్టి, పటేల్‌గూడలో మా ఇంటికి పంపించారు. రోజూ గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకెత్తమనీ, గుడ్డూ పప్పూ మానొద్దనీ నర్సమ్మ చెప్పింది. నాకేమో ఆపరేషన్ తర్వాత బిగుసుకుపోయి, దిండులా వాచిన నీ చెయ్యే కళ్ల ముందు కనిపించేది.

ఈ పొద్దున ఆయన ఫ్యాక్టరీకి వెళ్లాక ధైర్యం చేశాను. వేళ్లు భుజం దాటగానే చంకలో ఏదో పుటుక్కుమంది. మానిన గాయం మళ్లీ విచ్చుకుందనుకుని కేక పెట్టాను. పక్కింటి మల్లమ్మ పరుగెత్తుకొచ్చి రవిక తప్పించి చూసింది.

"ఏం గాలె వదినా, నెత్తురు గిట్ల లేదు. పరేషాన్ గాకు. ఇగ జెర పైకి లేపు, నేను పట్టుకుంట."

నా మోచెయ్యి పట్టుకుంది. మెల్లగా ఎత్తాను. నొప్పి పుట్టింది, కానీ చెయ్యి లేచింది. తర్వాత ఆమె ఒలిచిచ్చిన గుడ్డు తిన్నాను. నీచు తింటే చీము పడుతుందని అత్తయ్య అన్న మాట గుర్తొస్తున్నా మింగేశాను.

భయం పోలేదు. స్నానంలో రెండో వైపూ గడ్డ ఉందేమోనని తడుముకోవడానికి చేతులు రావడం లేదు. రేపూ వస్తానంది మల్లమ్మ.

నీకు చెయ్యెత్తమని చెప్పేవాళ్లు కూడా లేకపోయారు, అక్కా.