మెట్లు లోపలికి మార్పించాను

అన్నయ్యకు,

నువ్వూ వదినా కులాసాగా ఉన్నారనుకుంటాను. అబ్బాయీ కోడలూ పసిబిడ్డతో హాల్లోనే సర్దుకుంటున్నారని నీకు తెలుసు. వాళ్ల కోసం మేడమీద ఒక గది వేద్దామని మునిసిపల్ ఆఫీసులో దరఖాస్తు పెడితే, పోయిన నెల ప్లాన్ మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంజనీరు మాత్రం విసుక్కోలేదు, పాపం. "మెట్లు మీ అన్నగారి గోడని ఆనుకుని వస్తున్నాయమ్మా. అభ్యంతరం లేదని ఆయన ఒక్క సంతకం పెడితే ఇచ్చేస్తాం" అన్నాడు.

ఆ కాగితం పట్టుకునే మీ ఇంటికి వచ్చాను. వదిన గుమ్మంలోనే నిలబడి, "ఆయన ఊళ్లో లేరమ్మా" అంది. ఆ మాట అంటుండగానే లోపల నువ్వు దగ్గావు. వదిన తల దించుకుంది. నేను విననట్టే వచ్చేశాను.

అక్కడ మెట్లు కడితే మీ వంటింట్లోకి వెలుతురు రాదు. అది నాకు ఇంటికొచ్చాక తట్టింది. ఆ ముక్క నువ్వే నాతో అనవచ్చు కదా?

ఆఫీసు బెంచీల మీద కూర్చుని కూర్చుని నాకు నడుం పట్టేసింది. ఇక ఓపిక లేక ప్లాన్‌లో మెట్లు ఇంటి లోపలికి మార్పించాను. హాలు సగం పోతుంది. "పోతే పోయింది అత్తయ్యా, తలుపేసుకోడానికి మాకో గది ఉంటుంది" అంది కోడలు. నిన్న పర్మిషన్ వచ్చింది.

ఇక నీ సంతకంతో పని లేదు. ఆదివారం పొద్దున్నే వస్తాను. చేతిలో ఏ కాగితమూ ఉండదు. తలుపు నువ్వే తియ్యి.

నీ చెల్లెలు