ముందు నాలుగు మాటలు, తర్వాతే కన్ను

జూలై 3, సోమవారం
ఉద్యోగం వచ్చేసింది! మా కవాంగ్‌వారే పేట బజారు పక్కన గుడారం, అందులో బంతిలాంటి వెండి రంగు కెమెరా. మనిషి దానిలోకి చూస్తే కనుపాప ఫొటో తీసి, ఆ మనిషి ఫోన్‌లోకి డిజిటల్ నాణేలు పంపుతుంది. నాకు కంటికింతని కమీషన్.

తీర్మానం: ఎవరి కన్ను తీసినా ముందు నాలుగు మాటలు చెప్పి తీరాలి.
పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు, కన్ను మార్చుకోలేం.
ఆ వివరాలు ఏ దేశంలో దాస్తారో నాకూ తెలియదు.
నాణెం ధర ఇవాళున్నట్టు రేపుండదు.
మనిషికి ఒక్క ఖాతా, అదీ ఒక్కసారే. పరాయి ఫోన్‌తో తీయించుకుంటే అది వాళ్ల పాలే.

ఆకుకూరలమ్మి నన్ను చదివించిన బోసిబోరి పిన్ని అప్పుడే తయారు. "నేనూ వస్తానే కెముంటో!"
"నీది బటన్ల ఫోన్ పిన్నీ. మంచిది కొన్నాక నేనే తీసుకెళ్తా."

జూలై 4, మంగళవారం
నాలుగూ చెప్పాను, అందరికీ! అందరూ అంటే పదకొండు మంది. వరస మాంసం కొట్టు దాటింది. వెనక నుంచి ఒకామె, "ఏమ్మా టీచరూ, పరీక్ష కూడా పెడతావా?"
సూపర్‌వైజర్ ముటిసో మూతి ముడిచాడు. "పక్క గుడారంలో తొంభై కళ్లయ్యాయి. నువ్వేమో ఉపన్యాసాలు."

జూలై 5, బుధవారం
రెండు మాటలు చాలు. మిగతావి ఎవరూ వినడం లేదు. (నేనూ గబగబా మింగేస్తున్నాను.)

జూలై 6, గురువారం
ఇక్కడ జూలై అంటే చలికాలమే, పైగా జల్లు. గొంతు పట్టేసింది. ఇవాళ ఒకటే మాట: "తెలుసుగా?" అందరికీ తెలుసట!
గేటు దగ్గర ఒకాయన ఫోన్ లేనివాళ్లకు తన ఫోన్లిచ్చి లోపలికి పంపుతున్నాడు. బయటికొచ్చాక చేతిలో కాసిని షిల్లింగులు పెట్టి ఫోన్ లాక్కుంటున్నాడు. అడగాల్సింది. రేపు అడుగుతాను.

జూలై 7, శుక్రవారం
రికార్డు! ముటిసో నూనెలో వేయించిన తీపి మందాజీలు, టీ తెప్పించాడు. మొహాలు చూడటం మానేశాను. తెర మీద కన్ను, పచ్చ దీపం, తర్వాతివాళ్లు. అంతే.
గుడారం మూస్తుంటే బయట బెంచీ మీద పిన్ని.
"ఎంతసేపైంది వచ్చి?"
"బావుందే కెముంటో! నా కన్ను తీసింది నువ్వేగా. పలకరించినా తలెత్తలేదు."
"ఫోన్ ఎవరిది?"
"గేటాయనది. డబ్బిచ్చాడు, ఫోన్ తీసుకుని వెళ్లిపోయాడు."
నా ఫోన్‌లో పిన్నికి ఖాతా తెరుద్దామని కన్ను మళ్లీ తీశాను. తెర మీద: ఈ వ్యక్తి ఇప్పటికే నమోదయ్యారు.
"ఇప్పుడు వాడేం చేసినా నా పేరు మీదేనా?"
"పేరైతే మార్చుకోవచ్చు పిన్నీ. కన్ను..."
"మంగళవారం ఊరందరికీ చెప్పావట. నా కన్నే లోకువైందా నీకు?"
నవ్వుతూనే అంది. నాకే నవ్వు రాలేదు.

జూలై 8, శనివారం
తీర్మానం, మళ్లీ మొదటి నుంచి. నాలుగూ. తలెత్తి, మొహం చూసి.
గేటాయన జాడ లేదు. పిన్ని ఖాతా కోసం కంపెనీకి రాశాను. మీ సందేశం అందిందని యంత్రం జవాబిచ్చింది. పిన్ని కూరలు మా గుడారం ముందుకే మార్చేసింది. వచ్చినవాళ్లను వచ్చినట్టే నిలేస్తోంది, "ఫోన్ నీదేనా? ఏదీ, తెరిచి చూపించు!"
వరస సగమైంది. ముటిసో నాతో మాట్లాడటం లేదు.
ఒక ముసలాయన నాలుగు మాటలూ తలూపుతూ విన్నాడు.
"అంతా అర్థమైంది తల్లీ."
"అయితే?"
"అయితే ఏముంది, తియ్యి."
ఫోన్ ఆయనదే. కన్నూ ఆయనదే. తీశాను.